బట్టీ ఎవరిది, ఊరెవరిది? సహగూన్ కథ

సహగూన్‌లో మీకు ఇల్లు ఉండొచ్చు, వంటింట్లో పొయ్యి ఉండొచ్చు, రొట్టెల బట్టీ మాత్రం ఉండకూడదు. పిండి మీదే, పిసికేదీ మీరే, కానీ అది కాలాల్సింది మఠం బట్టీలో. మఠంలో సన్యాసులు తమ వైన్ అమ్మకానికి పెట్టినన్నాళ్లు ఊళ్లో ఇంకెవరూ వైన్ అమ్మకూడదు. బజారుకి తాజా చేపలో, బట్టలో, కట్టెలో వచ్చి, అవి సన్యాసులకి కావాల్సి వస్తే ముందు వాళ్లు కొనుక్కోవాలి, మిగతావాళ్లు ఆగాలి. మఠం అడవిలో కొమ్మ విరిస్తే జరిమానా. చెట్టు మొదలంటా నరికితే శిక్ష ఏమిటన్నది మఠాధిపతి ఇష్టం.

ఇవన్నీ ఎవరో గిట్టనివాళ్లు పుట్టించిన పుకార్లు కావు. 1085 నవంబర్ 25 తేదీ వేసి ఉన్న రాజశాసనంలోని షరతులు. ఆ రోజుల్లో స్పెయిన్‌లో ఇలాంటి పత్రాన్ని ఫుయెరో అనేవారు. అంటే ఆ ఒక్క ఊరికే వర్తించే హక్కుల, బాధ్యతల పట్టిక. పాతికేళ్లు తిరిగేసరికి ఊరు మఠం మీద తిరగబడిందంటే ఆశ్చర్యం లేదు. అసలు ఆశ్చర్యం వేరే ఉంది. ఈ షరతులు వినీ, తెలిసీ, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు. ఎవరూ పట్టుకొచ్చి పడేయలేదు. ఎందుకు వచ్చారు, వచ్చినవాళ్లు ఎందుకు ఎదురు తిరిగారు అన్నది విడివిడిగా చూస్తే తేలదు.

సహగూన్ ఇప్పుడు స్పెయిన్ ఉత్తర భాగంలో, లియోన్ ప్రావిన్స్‌లో, మూడు వేల లోపు జనాభా ఉన్న చిన్న ఊరు. పక్కన సెయా నది. చుట్టూ కనుచూపు మేర గోధుమ చేలు, గుట్టా లేదు, రాయీ లేదు. సాంతియాగో యాత్రికుల నడక దారి, అదే ఈమధ్య యూట్యూబ్‌లో మనవాళ్లు కూడా చూస్తున్న కామినో, ఈ ఊరి మీదుగానే పోతుంది. ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చే దారికి ఇది నడిమధ్య అని లెక్కగట్టి, ఇక్కడిదాకా నడిచినవాళ్లకి ఒక సర్టిఫికెట్ కూడా ఇస్తారు. ఫొటో దిగి, సర్టిఫికెట్ తీసుకుని, మర్నాడు పొద్దున్నే వెళ్లిపోతారు. ఒకప్పుడు కాస్టీల్, లియోన్ రాజ్యాలను ఊపేసిన ఊరిలా అస్సలు కనపడదు.

మఠం ముందు, ఊరు తర్వాత

ఊరి పేరులోనే మఠం ఉంది. రోమన్ల కాలంలో ఫకుందో, ప్రిమితివో అనే ఇద్దరు క్రైస్తవులను సెయా నది దగ్గర చంపేశారని ఐతిహ్యం. వాళ్ల సమాధి మీద గుడి వెలిసింది. పాత పత్రాల్లో ఈ చోటుని 'దోమ్నోస్ సాంక్తోస్' అన్నారు, అంటే పుణ్యపురుషుల ఊరని. లాటిన్‌లోని 'సాంక్తుస్ ఫకుందుస్' జనం నోట నలిగి నలిగి, 'ఫ' కాస్తా 'హ' అయిపోయి, చివరికి సహగూన్‌గా మిగిలింది.

9వ శతాబ్దంలో మూడవ ఆల్ఫోన్సో రాజు ఈ గుడిని దక్షిణాన ముస్లింల ఏలుబడిలోని కొర్దోబా నుంచి వలస వచ్చిన సన్యాసులకి అప్పగించాడు. వాళ్లు కుదురుకునే లోపే 883లో కొర్దోబా సైన్యం వచ్చి మఠాన్ని పునాదులతో సహా పడగొట్టింది. మళ్లీ కట్టారు. వందేళ్లకి కొర్దోబా సేనాని అల్-మన్సూర్ దండు వచ్చింది. మళ్లీ కట్టారు. కట్టిన ప్రతిసారీ రాజుల నుంచీ, పుణ్యం కోరుకునే భూస్వాముల నుంచీ పొలాలు, ఊళ్లు దానంగా వచ్చి పడ్డాయి. ప్రార్థనలు చేసుకునే చోటు అలా అలా పెద్ద ఎస్టేటుగా మారింది. అప్పటికి మఠం ఉంది, మఠాన్ని నమ్ముకున్న కొన్ని ఇళ్లు ఉన్నాయి. ఊరు అనదగ్గది లేదు.

ఊరు రావడానికి కారణం ఆరవ ఆల్ఫోన్సో. ఈయనకి సహగూన్‌తో అనుబంధం విచిత్రంగా మొదలైంది. 1072లో అన్న సాంచో చేతిలో యుద్ధం ఓడిపోయి పట్టుబడ్డాడు. ప్రాణం తీయకుండా సన్యాసి బట్టలు కట్టించి ఈ మఠంలో కూర్చోబెట్టారని చెబుతారు. అక్కడి నుంచి తప్పించుకుని టొలెడోలోని ముస్లిం రాజు దగ్గర తలదాచుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో సాంచో హత్యకి గురయ్యాడు. సన్యాసి కావాల్సినవాడు రాజయ్యాడు. ఆ తర్వాత ఎన్ని మఠాలున్నా ఆయన మనసు సహగూన్ మీదే. తనని ఇక్కడే పాతిపెట్టాలని కూడా ముందే అనుకున్నాడు.

మఠానికి ఆయన చేసిన అతి పెద్ద మేలు, తర్వాత గొడవలకీ మూలమైనది, ఫ్రాన్స్‌లోని క్లూనీతో సంబంధం. క్లూనీ అంటే ఆనాటి యూరప్‌లో మఠాలన్నిటికీ పెద్దన్న లాంటిది. ఆల్ఫోన్సో తండ్రి ఫెర్నాండో ఏటా వెయ్యి బంగారు నాణేలు క్లూనీకి పంపేవాడు, ఈయన దాన్ని 2,000 చేశాడు. ఆ బంగారం ఎక్కడిది అంటే, దక్షిణాది ముస్లిం రాజ్యాలు 'మా మీద దాడి చేయకండి' అని కట్టే కప్పం. 1079లో పెళ్లాడిన రాణి కాన్‌స్టాన్స్ బర్గండీ డ్యూక్ కూతురు, క్లూనీ మఠాధిపతికి మేనకోడలు. ఆమె సహగూన్ మఠం పక్కనే మేడ కట్టించుకుంది, స్నానశాలతో సహా. 1080లో క్లూనీ నుంచి వచ్చిన బెర్నార్ అనే ఫ్రెంచ్ సన్యాసి సహగూన్ మఠాధిపతి అయ్యాడు. 1083లో మఠాన్ని ఏ బిషప్పు పెత్తనమూ లేకుండా నేరుగా రోమ్ రక్షణలోకి తీసుకుంటూ పోప్ పత్రం ఇచ్చాడు. 1085 మే నెలలో ఆల్ఫోన్సో టొలెడోని గెలిచాడు. ఆ నవంబరులోనే ఫుయెరో. మరుసటి ఏడాదికల్లా బెర్నార్ టొలెడో ఆర్చ్‌బిషప్.

ఈ తేదీలు వరసగా పెట్టి చూస్తే ఊరు పుట్టుక అర్థమవుతుంది. రాజు ఊపు మీదున్నాడు, చేతిలో బంగారం ఉంది, పక్కన ఫ్రెంచ్ రాణి, ఫ్రెంచ్ మఠాధిపతి ఉన్నారు, గుమ్మం ముందు నుంచి ఫ్రెంచ్ యాత్రికుల దారి పోతోంది. మఠం గోడ పక్కన ఒక వ్యాపార పట్నం లేవడానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు.

ఎవరొచ్చారు, ఏం చూసి వచ్చారు

వచ్చినవాళ్ల జాబితా మఠం సన్యాసి ఒకాయన రాసిపెట్టిన వృత్తాంతంలో ఉంది. కమ్మరులు, వడ్రంగులు, దర్జీలు, బొచ్చుతోళ్లు కుట్టేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, డాళ్లు చేసేవాళ్లు. ఊళ్లవారీగా అయితే గాస్కనీవాళ్లు, బ్రెటన్లు, జర్మన్లు, ఇంగ్లీషువాళ్లు, బర్గండీవాళ్లు, నార్మన్లు, తులూజ్‌వాళ్లు, ప్రోవెన్స్‌వాళ్లు, లొంబార్డులు. ఆ జాబితా చదువుతుంటే గోధుమ చేల మధ్య సంతలో పది భాషలు ఒకేసారి వినపడతాయి. వీళ్లందరినీ కలిపి స్థానికులు 'ఫ్రాంకులు' అనేవారు. ఎక్కడినుంచి వచ్చినా సరే, పైరెనీస్ కొండల అవతలివాడైతే ఫ్రాంకే. పట్నంలో స్థిరపడి వృత్తి, వ్యాపారం చేసుకునేవాళ్లకి ఇంకో పేరు బుర్గేసులు.

వీళ్లకి ఫుయెరోలో కనపడిన లాభం ఏమిటి? ఇంటి స్థలానికి ఏడాదికి ఒక్క సువెల్దో కడితే చాలు. అది వెండి నాణేల లెక్క, నిలకడైన మొత్తం, పంట పండినా ఎండినా అంతే. పల్లెల్లో రైతు తన దొరకి వారానికి ఇన్ని రోజులని వెట్టి చేయాలి, పంటలో వాటా ఇవ్వాలి. ఇక్కడ ఆ బాధ లేదు. ఇంకో షరతు ఉంది, పైకి మఠం కోసమే అనిపిస్తుంది కానీ బుర్గేసులకీ బాగా పనికొచ్చింది: ప్రభువులెవరూ ఊళ్లో ఇల్లు పెట్టకూడదు. అంటే కత్తి కట్టుకున్న దొర మనుషులు పక్క వీధిలో ఉండరు. దుకాణం పెట్టుకునేవాడికి అంతకంటే ఏం కావాలి. బట్టీ సుంకం కడితే కట్టాం, నెత్తిమీద దొర లేడు కదా అనుకుని ఉంటారు.

అయితే ఆ ఫుయెరోలోనే ఇంకో వాక్యం ఉంది. మఠం సరిహద్దు లోపల మఠాధిపతి ఇస్తే తప్ప ఎవరికీ పొలం గానీ, ద్రాక్షతోట గానీ, మర గానీ వారసత్వపు ఆస్తిగా ఉండకూడదు. చెప్పుల దుకాణం పెట్టిన మొదటి తరానికి ఇది పట్టింపు లేని విషయం. వాడికి పొలం ఎందుకు? కానీ ఇరవై ఏళ్లు గడిచి దుకాణంలో నాలుగు డబ్బులు చేరాక, ఆ డబ్బు పెట్టడానికి ఆ కాలంలో భూమి తప్ప ఇంకేముంది? పిల్లలకి రాసివ్వడానికి ఏముంది? డబ్బున్నా కొనలేని చోట, కొన్నా నాది అనలేని చోట వీళ్లు ఇరుక్కుపోయారు. నా ఉద్దేశంలో తగాదా మొదలైంది ఇక్కడ. అందరూ చెప్పుకునేది బట్టీ గురించే, నిజమే, అది రోజూ కళ్లముందు కనపడే అవమానం. కొన్నాళ్లకి ఆ బట్టీ నిర్బంధాన్ని ఏటా ఇంత అని కట్టే డబ్బుగా మార్చుకున్నారు కూడా. అంటే అది బేరంతో తీరే సమస్య. భూమి సమస్య అలా తీరేది కాదు. ఊరి కింద నేల మొత్తం మాదే, మీరు అద్దెకి ఉన్నవాళ్లు అని మఠం. ఈ నేలకి విలువ తెచ్చిందే మేము అని బుర్గేసులు.

పట్నం పెరిగిన తీరు చూస్తే బుర్గేసుల మాట తీసిపారేసేది కాదు. 12వ శతాబ్దం నాటి యాత్రికుల గైడు ఒకటి సహగూన్‌ని సకల సౌభాగ్యాలూ పొంగిపొర్లే ఊరని పొగుడుతుంది. ఆ పక్క పచ్చికలోనే ఫ్రాన్స్ ఏలిన షార్లమేన్ చక్రవర్తి సైనికులు రాత్రి నేలలో గుచ్చిన బల్లేలు తెల్లారేసరికి చిగురించాయన్న కథనీ చెబుతుంది. కథ సంగతి ఎలా ఉన్నా, దారిన పోయే ఫ్రెంచ్ యాత్రికుడికి ఇది మన ఊరే అనిపించేలా ఉండేదన్నమాట.

మూడు తగాదాలు, ఒకే మంట

1109 వేసవి తొలిరోజుల్లో ఆరవ ఆల్ఫోన్సో టొలెడోలో కన్నుమూశాడు. కోరుకున్నట్టే సహగూన్ తెచ్చి పాతిపెట్టారు. ఒక్కగానొక్క కొడుకు ముందు ఏడాదే ఉక్లేస్ యుద్ధంలో చనిపోయాడు. సింహాసనం కూతురు ఉర్రాకాకి వచ్చింది. ఆమె వితంతువు, బర్గండీ రేమండ్ ద్వారా కలిగిన చిన్న కొడుకు ఉన్నాడు. ఆ ఏడాదే ఆమెకి అరగాన్ రాజు మొదటి ఆల్ఫోన్సోతో పెళ్లి చేశారు. చరిత్రలో ఈయన పేరు 'పోరాటయోధుడు'. పెళ్లి కలిసిరాలేదు. మొగుడూ పెళ్లాల పోట్లాట రెండు రాజ్యాల యుద్ధంగా మారింది.

(ఇకపై ఆల్ఫోన్సో అంటే అరగాన్ ఆల్ఫోన్సో. చనిపోయిన తండ్రి ఆల్ఫోన్సో, మొగుడు ఆల్ఫోన్సో, మొదటి పెళ్లిలో పుట్టిన కొడుకు కూడా ఆల్ఫోన్సోనే. స్పెయిన్ చరిత్రలో తల తిరిగేది ఇక్కడే, చదివేవాళ్ల తప్పేమీ లేదు.)

సహగూన్ తిరుగుబాటుని చాలామంది 'పట్నానికీ మఠానికీ గొడవ' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. విడదీసి చూస్తే అందులో మూడు తగాదాలున్నాయి. ఒకటి రాణికీ రాజుకీ. రెండోది బుర్గేసులకీ మఠానికీ. మూడోది పల్లెల్లో రైతులకీ దొరలకీ. మూడూ వేరువేరుగా రాజుకుంటున్నవే, పైన పెద్దదిక్కు పోయేసరికి ఒకేసారి అంటుకున్నాయి.

రైతుల సంగతి వృత్తాంతంలో కొన్ని వాక్యాల్లోనే వస్తుంది, కానీ గట్టిగా వస్తుంది. పొలం దున్నుకునేవాళ్లూ, చిన్నాచితకా జనమూ ఒక్కటై, దొరలకి ఇవ్వాల్సిన సేవ ఇక ఎవ్వరూ ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నారట. ఆ కట్టుబాటుకి వాళ్లు పెట్టుకున్న పేరు 'ఎర్మాందాద్', అంటే అన్నదమ్ముల బంధం. రాసిన సన్యాసి మాత్రం దాన్ని కుట్ర అన్నాడు. ఒకే పనికి రెండు పేర్లు. చేసినవాళ్ల మాట ఒకటీ, భరించినవాళ్ల మాట ఒకటీ పక్కపక్కనే దొరకడం ఆ కాలపు రాతల్లో అరుదు.

బుర్గేసులు అరగాన్ రాజు పక్షం చేరారు. రాణి తరతరాలుగా మఠం పక్షం, వాళ్ల నాన్న సమాధి అక్కడే ఉంది. కాబట్టి మఠం మీద కోపమున్నవాడికి సహజంగా దొరికే అండ రాణి మొగుడే. పైగా ఆల్ఫోన్సో తన సొంత రాజ్యంలో ఫ్రాంక్ వ్యాపారులని చేరదీసిన కుటుంబంవాడు. ఊళ్లోకి అరగాన్ సైనికులు వచ్చారు. కొంతకాలానికి మఠాధిపతి దోమింగో ఊరు విడిచి తిరగాల్సి వచ్చింది. ఆ పెత్తనం ఆల్ఫోన్సో తన తమ్ముడు రామిరో చేతిలో పెట్టాడు. ఈ రామిరో నిజంగానే సన్యాసి. తర్వాత ఎప్పుడో, 1134లో, అన్నకి వారసుడు లేక మఠం వదిలి అరగాన్ సింహాసనం ఎక్కింది ఈయనే.

ఈ గొడవలన్నిటిలో నాకు బాగా కళ్లకి కట్టే దృశ్యం ఒకటుంది. యుద్ధం కాదు. సన్యాసులు రోజూ కూడి కూర్చునే సభాగదిలోకి బుర్గేసులు ఒక కాగితం పట్టుకుని వచ్చారు, కాగితం అంటే ఆ రోజుల్లో తోలుపత్రం. అందులో తమకోసం తామే రాసుకున్న కొత్త చట్టాలున్నాయి. పాత రాజు పెట్టినవి తీసేసి, ఇవి పెట్టారు. సంతకాలు చేయండి అని సన్యాసులని బలవంతపెట్టారు. కోపంలో తగలబెట్టడం ఎవరైనా చేస్తారు. చెప్పులు కుట్టేవాళ్లూ కమ్మరులూ ఉన్న గుంపు, తమ ఊరికి తామే రాజ్యాంగం రాసుకుని, అవతలివాడి సంతకం లేనిదే అది చెల్లదని తెలిసి, సంతకం కోసం వచ్చి నిలబడింది. వాళ్లకి అరాచకం అక్కర్లేదు, ఇంకో ఫుయెరో కావాలి.

మఠం కూడా ఊరికే కూర్చోలేదు. 1110లో, సరిగ్గా గొడవలు ముదురుతున్న వేళ, తమ దగ్గరున్న దానపత్రాలూ, క్రయపత్రాలూ అన్నీ ఒక్క పెద్ద పుస్తకంలోకి నకలు రాయించింది. వెయ్యికి దగ్గరగా పత్రాలు. పాత లిపిలో ఉన్నందువల్ల దాన్ని 'బెసెర్రో గోతికో' అంటారు, బెసెర్రో అంటే దూడ, దూడతోలు అట్ట అని. ఇవాళ వెయ్యేళ్ల నాటి లియోన్ పల్లెల గురించి చరిత్రకారులకి తెలిసినదాంట్లో చాలా భాగం ఆ పుస్తకం పుణ్యమే. దస్తావేజులు ఎందుకు భద్రం చేస్తారో వేరే చెప్పక్కర్లేదు. కోర్టుకి వెళ్లాల్సి వస్తుందని తెలిసినవాడే ముందు జాగ్రత్తగా జిరాక్సులు తీయించుకుంటాడు.

1114 నాటికి రాణీ రాజుల పెళ్లి పెటాకులైంది. అరగాన్ రాజు దృష్టి ముస్లింల చేతిలో ఉన్న సరగోసా వైపు మళ్లింది. బుర్గేసులకి అండ పోయింది. పోప్ రెండవ పాస్కల్ దగ్గర నుంచి మఠానికి అనుకూలంగా ఉత్తరాలు వచ్చాయి. 1116లో రాణి మఠానికి సొంత నాణేలు ముద్రించుకునే హక్కు ఇచ్చింది. లాభంలో మూడో వంతు మఠాధిపతికి, మూడో వంతు తనకి, మూడో వంతు దగ్గర్లోని సాన్ పెద్రో సన్యాసినులకి. యుద్ధానికి డబ్బు కావాలి కదా. 1117కల్లా మఠానిదే పైచేయి అయింది. కొందరు బుర్గేసులు ఊరు విడిచిపోయారు, మిగిలినవాళ్లు మఠాధిపతికి విధేయత ఒట్టు పెట్టారు.

ఒకే సాక్షి

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో చిక్కు ఒకటుంది. ఈ తిరుగుబాటు గురించి మనకి తెలిసింది దాదాపు అంతా ఒకే ఒక్క రచన నుంచి. దాన్ని 'సహగూన్ అనామక వృత్తాంతం' అంటారు. రాసినాయన పేరు తెలీదు, మఠం సన్యాసి అని మాత్రం తెలుసు. నేను కళ్లారా చూశాను అని చెప్పుకుంటాడు. లాటిన్‌లో రాసిన మూలం పోయింది. మనదాకా వచ్చింది ఎన్నో తరాల తర్వాతి స్పానిష్ అనువాదం.

ఆయన కథలో బుర్గేసులు డబ్బు మదమెక్కినవాళ్లు, అరగాన్ సైనికులు రాక్షసులు. గిరాల్దో అనే అరగాన్ దళనాయకుడికి 'సైతాను' అనే బిరుదు కూడా తగిలించి, అతను పెట్టిన చిత్రహింసలు వివరంగా రాశాడు. అబద్ధమని కొట్టిపారేయలేం, అక్షరాలా నమ్మలేం. బుర్గేసుల తరఫున ఒక్క కాగితం ముక్క మిగల్లేదు. వాళ్లు పట్టుకొచ్చిన ఆ కొత్త చట్టాల పత్రం ఏమైందో ఎవరికీ తెలీదు. ఓడినవాడి దస్తావేజు ఎవడు దాస్తాడు?

ఇంకో మెలిక కూడా ఉంది. 1085 ఫుయెరో అసలు ప్రతి కూడా మఠం చేతుల్లోనే ఉండేది. ఇవాళ మిగిలిన పాఠంలో తర్వాతి కాలపు చేర్పులు ఉన్నాయని చరిత్రకారుల్లో గట్టి అనుమానం. అంటే బుర్గేసులు తిరగబడింది ఏ షరతుల మీద, మఠం తర్వాత తీరిగ్గా రాసుకున్నవి ఏవి అన్నది గీత గీసి చెప్పడం కష్టం. నేను మొదట్లో ఏకరువు పెట్టిన బట్టీ, వైన్, చేపల షరతులని కూడా ఈ అనుమానం పక్కన పెట్టుకునే చదవాలి. అయినా ఒకటి గమనించండి. గెలిచిన మఠమే ఆ షరతులని తన హక్కులుగా రాసిపెట్టుకుంది, దాచుకుంది. వాటిలో సిగ్గుపడాల్సింది ఉందని వాళ్లకి తట్టలేదు. పక్షపాతం ఉన్న సాక్షి తన గురించి తాను గర్వంగా చెప్పుకున్న మాటలు ఒక్కోసారి అవతలి పక్షానికే ఎక్కువ పనికొస్తాయి.

రాజీ, మళ్లీ పేచీ

1117తో కథ తేలిపోలేదు. ఉర్రాకా కొడుకు ఏడవ ఆల్ఫోన్సో కాలంలో గొడవ మళ్లీ లేచింది. 1152 డిసెంబరులో ఆయనే సహగూన్ వచ్చి ఫుయెరోని సవరించాడు. పట్నం జనం తమ రొట్టె, తమ వైన్ సరైన కొలతతో ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకోవచ్చు. ఊరి పెత్తనం చూసే మెరినోలు ఇద్దరుండాలి, ఒకరు కాస్టీల్‌వాడు, ఒకరు ఫ్రాంకు. ఇద్దరూ ఊరివాళ్లే కావాలి, అయితే మఠాధిపతికి లోబడి ఉండాలి. వచ్చి అరవై ఏళ్లు దాటినా ఫ్రాంకులు ఇంకా విడిగా లెక్కలోకి వచ్చే వర్గమేనన్నమాట. వాళ్లకో సీటు రిజర్వు చేయక తప్పలేదు.

అంటే మొదటి తిరుగుబాటులో ఓడిపోయినవాళ్ల మనవలు, కొట్లాడకుండా, కాగితం మీద చాలావరకు గెలిచారు. భూమి మీదా, అధికారం మీదా అసలు ప్రశ్న మాత్రం అలాగే ఉంది. అందుకే 1230ల నుంచి ఇంకో విడత మొదలైంది, దాని మీదా ఒక సన్యాసి వృత్తాంతం ఉంది. ఈసారి ఊరి నాయకులు ఫ్రాంకులు, స్థానికులు అన్న తేడా లేకుండా ఒక్కటిగా కనపడతారు. 1255లో పదో ఆల్ఫోన్సో వచ్చి మఠాధిపతి పక్షాన తీర్పు చెప్పి, నాయకులని కఠినంగా శిక్షించి, కొత్త ఫుయెరో ఇచ్చాడు. చూడ్డానికి మఠం గెలుపే. కానీ ఆ పత్రంతో ఊరి న్యాయం మీద రాజు చట్టం చేయి బాగా పడింది. ఇద్దరి పోట్లాటలో మధ్యవర్తిగా వచ్చినవాడు మూడో వాటాదారు అయ్యాడు.

ఇటుకలు

ఇవాళ సహగూన్ వెళితే ఈ కథలో మిగిలినవి ఇటుకలే. చుట్టుపక్కల రాయి లేదు, బంకమన్ను ఉంది. సాన్ తిర్సో చర్చి వెనక భాగం దగ్గర నిలబడి చూడండి. 12వ శతాబ్దంలో మొదలుపెట్టినప్పుడు కింద కొన్ని వరసలు చెక్కిన రాయితో కట్టారు, ఒక ఎత్తుకి వచ్చాక రాయి ఆగిపోయి, అక్కడినుంచి పైకంతా ఇటుకే. ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు తెలుస్తుంది. ఆ తర్వాతి శతాబ్దంలో కట్టిన సాన్ లొరెంజో మొత్తం ఇటుకే. గోడలో గుడ్డి కమానులు వరసలు వరసలుగా, ముస్లిం కట్టడాల ఛాయలతో ఉంటాయి. ఈ పద్ధతికి 'ముదేహర్' అనే పేరు 19వ శతాబ్దంలో పెట్టారు. కట్టిన మేస్త్రీలు ముస్లింలా, వాళ్ల దగ్గర పని నేర్చిన స్థానికులా అన్న చర్చ ఇంకా నడుస్తోంది.

మఠం మాత్రం పోయింది. 1494లో వల్యదోలిద్ మఠాల కూటమిలో చేరి సొంత పెత్తనం కోల్పోయింది. 1808 డిసెంబరు 21న మంచులో ఈ ఊరి బయటే ఇంగ్లీషు గుర్రపు దళం నెపోలియన్ గుర్రపు దళాన్ని ఓడించింది. ఆ యుద్ధాల రోజుల్లోనే, 1812లో, మఠం అంటుకుంది. 1835లో మరో అగ్నిప్రమాదం. ఆ వెంటనే ప్రభుత్వం మఠాల ఆస్తులన్నీ స్వాధీనం చేసుకుని వేలం వేసింది. 17వ శతాబ్దంలో గుమ్మంగా కట్టిన సాన్ బెనీతో ఆర్చి, ఒక గడియారం బురుజు, కొన్ని మొండిగోడలు మిగిలాయి. ఆ ఆర్చి కింద నుంచి ఇప్పుడు రోడ్డు పోతుంది, కార్లు పోతాయి. దూడతోలు పుస్తకంతో సహా దస్తావేజులు మాడ్రిడ్‌లో జాతీయ చారిత్రక అభిలేఖాగారానికి చేరాయి. 1093లో చనిపోయిన ఆల్ఫోన్సో అన్సూరెస్ అనే కుర్రాడి సమాధి పలక అమెరికాలోని హార్వర్డ్ మ్యూజియం దాకా వెళ్లి, 1930లలో తిరిగొచ్చి మాడ్రిడ్ మ్యూజియంలో ఉంది. రాజు ఆరవ ఆల్ఫోన్సో అవశేషాలు ఊళ్లోనే, బెనెడిక్టైన్ సన్యాసినుల మఠంలో, భార్యలవాటి దగ్గరే ఉన్నాయి.

పేరు మాత్రం ఊహించని చోటికి వెళ్లింది. 1499 ప్రాంతంలో ఇక్కడ పుట్టిన బెర్నార్దినో అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి మెక్సికో వెళ్లాడు. అక్కడి నావాట్ల్ భాష నేర్చి, పెద్దలని కూర్చోబెట్టి అడిగి, వాళ్ల దేవుళ్లు, పండగలు, మందులు, ఆఖరికి స్పెయిన్‌వాళ్ల దండయాత్ర కూడా వాళ్ల మాటల్లోనే 12 సంపుటాలు రాయించాడు. ఆ పనికి కూడా మతప్రచారం అనే సొంత లెక్క ఉంది, కాదనను. అయినా ఓడినవాళ్ల సాక్ష్యం వాళ్ల భాషలోనే రాయించినాయన పేరు చివర 'దె సహగూన్' అని ఉండటం, ఈ ఊరి బుర్గేసుల గతి తెలిసినవాళ్లకి కొంచెం గుచ్చుకుంటుంది.

ఊరి యాత్రికుల సత్రం పాత త్రినిదాద్ చర్చిలో ఉంది. ఒకప్పుడు ప్రార్థనలు జరిగిన కప్పు కిందే బంకు మంచాలు వేశారు. నడుపుతున్నది మఠం కాదు, మునిసిపాలిటీ. సత్రం పేరు 'క్లూనీ'.